"నమ్మను" అనడం, "లేడు" అనడం ఒకటేనా? రుజువు ఎవరు చూపించాలి?

మీ ప్రశ్న చదివాను. మీ ఫ్రెండ్ అన్నది ఇదీ: "దేవుడు లేడని నువ్వు ప్రూవ్ చెయ్యలేవు, ప్రూవ్ చెయ్యకుండానే లేడంటున్నావు, అంటే నీదీ నమ్మకమే నాదీ నమ్మకమే, ఇద్దరం సమానమే." దానికి మీరు "నాది నమ్మకం కాదు, నమ్మకం లేకపోవడం, ఉన్నాడన్నది నువ్వు కాబట్టి ప్రూఫ్ నువ్వే చూపించాలి" అన్నారు. చివరికి మాటా మాటా పెరిగి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఎవరు కరెక్టో చెప్పమంటున్నారు.

నేను పాతికేళ్ళ పైనుంచి నాస్తికుణ్ణి, ఈ వాదన ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు, చాలాకాలం మీరు చెప్పిన సమాధానమే నేనూ చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పను. అది అబద్ధమని కాదు, సగమే నిజం కాబట్టి. మీ ఫ్రెండ్ మాటలో కూడా సగం నిజం ఉంది, కాకపోతే ఆయన చేసిన తప్పు మీరు పట్టుకున్న చోట లేదు, "సమానమే" అన్నాడు చూడండి, అక్కడుంది. ఆ మాట దగ్గరికి వచ్చే ముందు కొంచెం దారి శుభ్రం చేసుకోవాలి.

ఈ గొడవలో సగం అసలు భాష వల్ల వచ్చిందే. "నమ్మకం లేకపోవడం మాత్రమే" అనే వాదన మనకి ఇంగ్లీషు నుంచి వచ్చింది. అక్కడ ఎథీయిస్ట్ అనే మాటలో ముందున్న "ఎ" కి "లేకుండా" అని అర్థం చెప్పుకోవచ్చు. ఆంటొనీ ఫ్లూ అనే బ్రిటిష్ తత్వవేత్త 1972 లో సరిగ్గా ఇదే చేశాడు, ఎథీయిస్ట్ అంటే దేవుడు లేడని గట్టిగా చెప్పేవాడని కాకుండా, దేవుడి మీద నమ్మకం లేనివాడు అని మాత్రమే తీసుకోండి, అప్పుడు చర్చ మొదలయ్యే చోటు అదే అవుతుంది, కోర్టులో ముద్దాయిని ముందుగా నిర్దోషి అనుకుని మొదలుపెట్టినట్టు అన్నాడు. తెలివైన వాదనే. కానీ తెలుగులో మనం వాడే మాట నాస్తికుడు. న అస్తి, "లేదు". అంటే "లేదు అనేవాడు". ఇది నేను లాగి చెప్తున్న అర్థం కాదు, పాణిని వ్యాకరణంలోనే "అస్తి నాస్తి దిష్టం మతిః" అని ఒక సూత్రం ఉంది, ఉంది అనే మతి ఉన్నవాడు ఆస్తికుడు, లేదు అనే మతి ఉన్నవాడు నాస్తికుడు అని. మతి అంటే బుద్ధి, అభిప్రాయం, నిశ్చయం. (ఆ సూత్రానికి వ్యాఖ్యానం రాసినవాళ్ళు ఉంది లేదు అన్నది పరలోకం గురించి అన్నారు, తర్వాత మనుస్మృతి వేదాన్ని నిందించేవాణ్ణి నాస్తికుడంది, దేవుడి లెక్కన నాస్తికుడనడం బాగా తర్వాత స్థిరపడిన వాడుక. అది వేరే కథ.) చెప్పొచ్చేదేంటంటే మీరు "నేను నాస్తికుణ్ణి" అనగానే ఎదుటివాళ్ళకి వినపడేది "లేడు" అనే. ఆ తర్వాత మీరు "నేను లేడనట్లేదు, నాకు నమ్మకం లేదంటున్నా అంతే" అంటే వాళ్ళకి మీరు మాట మార్చినట్టే అనిపిస్తుంది. మీ ఫ్రెండ్ కోపానికి ఇది కారణం అయ్యుంటుంది, ఆ కోపంలో న్యాయం ఉంది.

ఇంకో చిక్కు, నమ్మకం అనే మాట రెండు పనులు చేస్తుంది మనకి. "రేపు వాన పడుతుందని నా నమ్మకం" అన్నప్పుడు అది ఒక అంచనా, ఫలానాది నిజమని అనుకోవడం. "నిన్ను నమ్మి వచ్చాను" అన్నప్పుడు అది ఒకరి మీద భారం వెయ్యడం, ఆసరా. మొదటి అర్థంలో దేవుడు లేడనుకోవడం కూడా నమ్మకమే, భూమి గుండ్రంగా ఉందనుకోవడం ఎలా నమ్మకమో అలాగే, అందులో ఒప్పుకోడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రెండో అర్థంలో కాదు, ఎందుకంటే లేని దాని మీద ఎవరూ భారం వెయ్యరు. మీ ఫ్రెండ్ మొదటి అర్థంతో మొదలుపెట్టి రెండో అర్థంలో దిగాడు, మీరు రెండో అర్థాన్ని కాదనాలనే తొందరలో మొదటిదాన్ని కూడా కాదన్నారు. మతం అనే మాటదీ ఇదే తంతు, పాత వాడుకలో మతం అంటే అభిప్రాయమే, సమ్మతం అభిమతం అన్న మాటల్లో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. ఆ లెక్కన నాస్తికత్వం ఒక మతమే. పూజా, ప్రార్థనా, పవిత్ర గ్రంథం, గురువులూ ఉండే ఇవాళ్టి లెక్కన కాదు.

ఇప్పుడు మీ వైపు ఉన్న సగం నిజం. ఎవరో వచ్చి "ఆ ఎదురింటి మేడ మీద గదిలో ఇప్పుడు ఒకాయన నిద్రపోతున్నాడు" అన్నారనుకోండి. మీకు ఆ గది సంగతి తెలీదు, చెప్పినాయన చూశాడో లేదో తెలీదు. మీరు నమ్మలేదు. నమ్మలేదంటే గది ఖాళీగా ఉందని మీరు అన్నట్టా? కాదు. ఉందని నమ్మడం, లేదని నమ్మడం, ఏదీ నమ్మకుండా ఆగడం, మూడు స్థితులు ఉన్నాయి, మూడోది నిజంగా ఉంది, అది దాక్కోడానికి కల్పించుకున్నది కాదు. స్కాట్లాండ్ కోర్టుల్లో కొన్ని వందల ఏళ్ళు దోషి, నిర్దోషి అనే రెండు తీర్పులతో పాటు "రుజువు కాలేదు" అని మూడో తీర్పు కూడా ఉండేది. ఆ మూడోది మీరు నిలబడ్డాననుకుంటున్న చోటు.

ఈ తేడా మన తర్క సంప్రదాయంలో ఎంత స్పష్టంగా ఉందో చూసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. సాంఖ్యం అనే పాత దర్శనానికి చెందిన సాంఖ్యసూత్రాల్లో "ఈశ్వరాసిద్ధేః" అని ఒక సూత్రం ఉంది, ఈశ్వరుడు సిద్ధించలేదు కాబట్టి అని. 16వ శతాబ్దంలో విజ్ఞానభిక్షువు దాని మీద వ్యాఖ్యానం రాస్తూ, ఇక్కడ సిద్ధించలేదు అన్నారే గానీ లేడు అనలేదు, లేడు అని చెప్పదలుచుకుంటే "ఈశ్వరాభావాత్" అని ఉండేది కదా అన్నాడు. ఆయన ఈశ్వరుణ్ణి నమ్మేవాడే, సాంఖ్యాన్ని తన వైపు తెచ్చుకోడానికే అన్నాడు, అయినా ఆయన పట్టుకున్న తేడా మాత్రం పక్కా. అసిద్ధి వేరు, అభావం వేరు. మీరూ మీ ఫ్రెండూ కొట్టుకున్నది మొత్తం ఈ రెండు మాటల మధ్యనే.

మరి నేను మీ సమాధానం ఎందుకు మానేశాను? ఒకసారి ఒక సభలో మాట్లాడి దిగాను, బాగా చెప్పాననే అనుకుంటున్నా, నాస్తికత్వం నమ్మకం కాదు, బట్టతల హెయిర్ కలర్ కాదు, స్టాంపులు సేకరించకపోవడం హాబీ కాదు, ఈ మాటలన్నీ చెప్పాను. ఒకావిడ దగ్గరికొచ్చి చాలా నెమ్మదిగా అడిగింది. "మీకు పిల్లలున్నారా అండీ?" ఉన్నారన్నాను. "రాత్రి పడుకునేముందు మీ బాబు, నాన్నా దేవుడున్నాడా అని అడిగాడనుకోండి, ఏం చెప్తారు? నాకు నమ్మకం లేకపోవడం మాత్రమే ఉంది నాన్నా అంటారా?" నేను ఆలోచించకుండానే "లేడు అంటాను" అన్నాను. ఆవిడ ఇంకేం వాదించలేదు, "మరి ఇందాక స్టేజీ మీద అలా చెప్పలేదు కదండీ" అని వెళ్ళిపోయింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంట్లో "లేడు", సభలో "నమ్మకం లేదు అంతే". ఇంట్లో చెప్పే మాటకి రుజువు బాధ్యత ఉంది, సభలో చెప్పే మాటకి లేదు, అందుకని సభలో ఆ మాట ఎంచుకుంటున్నాను. అది నిజాయితీ కాదు. స్టాంపులు సేకరించనివాళ్ళు సభలు పెట్టరు, పుస్తకాలు రాయరు, పిల్లల్ని సేకరించొద్దని పెంచరు. మనం ఇవన్నీ చేస్తాం, ఎందుకంటే మనకి ఒక అభిప్రాయం ఉంది, ఆ అభిప్రాయం ముఖ్యమైందని మనకి గట్టిగా అనిపిస్తుంది.

అందుకే రుజువు బాధ్యత మనిషి మీద ఉండదు, వాక్యం మీద ఉంటుంది అని ఇప్పుడు నేను చెప్పేది. రోమన్ న్యాయశాస్త్రంలో పౌలుస్ అనే న్యాయవేత్త పేరు మీద ఒక సూత్రం ఉంది, రుజువు చెయ్యాల్సింది చెప్పేవాడు, కాదనేవాడు కాదు అని. దీన్ని చాలామంది "ఆస్తికుడే చూపించాలి, నాస్తికుడు ఎప్పుడూ చూపించక్కర్లేదు" అని చదువుకుంటారు. కానీ "దేవుడు లేడు" అనేది కూడా చెప్పడమే, ఈ ప్రపంచం ఎలా ఉందో చెప్పే వాక్యమే. "నమ్మను" అన్నంతవరకూ మీ మీద ఉన్న బాధ్యత చిన్నది, వాళ్ళు చూపించిన కారణాలు ఎందుకు సరిపోలేదో చెప్తే చాలు. "లేడు" అన్న క్షణంలో బాధ్యత పెద్దదవుతుంది. ఎవరు ఏ వాక్యం పలికితే ఆ వాక్యం బరువు వాళ్ళదే.

రసెల్ టీ కెటిల్ సంగతి మీరు చెప్పారు కాబట్టి దాని గురించి కూడా ఒక మాట. బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ 1952 లో ఒక పత్రిక అడిగితే రాసిన వ్యాసంలోది అది, ఆ పత్రిక దాన్ని అచ్చు వెయ్యలేదు. భూమికీ అంగారకుడికీ మధ్య సూర్యుడి చుట్టూ ఒక పింగాణీ కెటిల్ తిరుగుతోంది, ఎంత పెద్ద టెలిస్కోపుకీ కనపడనంత చిన్నది అని నేనంటే ఎవరూ కాదని నిరూపించలేరు, అంతమాత్రాన కాదనలేరు కాబట్టి నమ్మి తీరాలంటే అది తప్పు కదా అన్నాడు. ఇంతవరకూ ఎవరూ కాదనలేరు, నిరూపించలేకపోవడం అనేది నమ్మడానికి కారణం కాదు. కానీ ఒక్క నిమిషం ఆగి మిమ్మల్ని మీరు అడగండి, ఆ కెటిల్ విషయంలో మీరు "నమ్మకం లేదు అంతే" అంటారా, "లేదు" అంటారా? లేదనే అంటారు. ఎందుకంటే కెటిళ్ళు ఎక్కడ తయారవుతాయో, అంత దూరం ఎవరు తీసుకెళ్ళాలో, తీసుకెళ్తే ఎవరికి తెలుస్తుందో మీకు తెలుసు. అంటే మీ దగ్గర "లేదు" అనడానికి కారణాలున్నాయి, ఊరికే ఆగిపోలేదు. అందుకే మీ ఫ్రెండ్ లాంటివాళ్ళు "దేవుడు కెటిల్ లాంటివాడు కాదు, నీకు కెటిల్ గురించి తెలిసినంత దేవుడి గురించి తెలీదు" అంటే అది మంచి అభ్యంతరమే, కొట్టిపారెయ్యడానికి లేదు.

"లేదని ఎవరూ ప్రూవ్ చెయ్యలేరు" అనే మాట మాత్రం ఇద్దరూ మానెయ్యండి దయచేసి. ఆస్తికులు దాన్ని ఆయుధంగా వాడతారు, నాస్తికులు తప్పించుకోడానికి వాడతారు, రెండు చోట్లా తప్పే. అన్నిటికంటే పెద్ద ప్రధాన సంఖ్య అంటూ ఒకటి లేదు, ఇది యూక్లిడ్ రెండు వేల ఏళ్ళ పైచిలుకు కిందటే నిరూపించాడు. సరే అది లెక్కలు, లోకంలో వస్తువుల మాటేంటి అంటారా. తాళంచెవి చొక్కా జేబులో ఉందేమో అని చెయ్యి పెట్టి చూశారు, జేబు లోపలి మూలల దాకా తడిమారు, తగల్లేదు. ఇక "జేబులో తాళంచెవి లేదు" అనడానికి మీకు ఇంకేం రుజువు కావాలి? తగలకపోవడమే రుజువు. అదే తాళంచెవి ఇల్లంతటిలో ఎక్కడో ఉందేమో అని గుమ్మంలో నిలబడి ఒక్కసారి చూసి కనపడలేదు కాబట్టి ఇంట్లో లేదంటే మాత్రం తప్పు. రెండు చోట్లా కనపడలేదు, కానీ రెండింటి బరువూ ఒకటి కాదు. ఉండి ఉంటే తప్పకుండా కనపడేదా? ప్రశ్న అదీ.

దీనికి మనవాళ్ళు ఒక పేరు పెట్టారు, యోగ్యానుపలబ్ధి. 7వ శతాబ్దంలో కుమారిల భట్టు, ఆయన అనుచరులైన మీమాంసకులు (వేదవాక్యాల అర్థాన్ని చర్చించే దర్శనం వాళ్ళు), అనుపలబ్ధిని, అంటే కనపడకపోవడాన్ని, ఒక ప్రత్యేకమైన ప్రమాణంగానే, అంటే నిజం తెలుసుకునే మార్గంగానే లెక్కేశారు. వాళ్ళ ఉదాహరణ నేల మీద కుండ. వెలుతురుంది, కళ్ళు బాగున్నాయి, నేల మొత్తం కనపడుతోంది, కుండ ఉంటే కనపడి తీరాలి, కనపడట్లేదు, కాబట్టి లేదు. కానీ పిశాచం కనపడట్లేదు కాబట్టి లేదు అంటే ఒప్పుకోరు, ఎందుకంటే పిశాచం ఉన్నా కంటికి కనపడేది కాదని చెప్పేవాళ్ళే చెప్తున్నారు. కనపడే యోగ్యత ఉన్నదే కనపడకపోతే లేదని అర్థం. (ఈ కుమారిలుడు వేదాన్ని ప్రాణంగా చూసుకున్న మనిషి, ప్రపంచాన్ని ఎవరో సృష్టించారనే వాదాన్ని మాత్రం గట్టిగా ఖండించాడు. ఎవరు ఆస్తికుడు ఎవరు నాస్తికుడు అనేది మనం అనుకున్నంత తేలిక కాదు.)

సైన్సులో దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒక గ్రహం. ఫ్రాన్సులో లెవెరియే అనే ఖగోళ శాస్త్రవేత్త, యురేనస్ కదలికల్లో తేడా చూసి, బయట ఇంకో గ్రహం ఉండాలి, ఫలానా చోట చూడండి అని లెక్క కట్టి చెప్పాడు. 1846 సెప్టెంబర్ 23 రాత్రి బెర్లిన్ లో గాలే టెలిస్కోపు అటు తిప్పాడు, చెప్పిన చోటికి ఒక్క డిగ్రీ లోపలే దొరికింది, అదే నెప్ట్యూన్. అదే మనిషి 1859 లో బుధుడి కదలికలో తేడా చూసి, సూర్యుడికి బుధుడికి మధ్య కూడా ఏదో ఉండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు, చూశామన్నవాళ్ళు కూడా వచ్చారు, 1878 గ్రహణం అప్పుడు కూడా కనపడిందని ఇద్దరు ప్రకటించారు, కానీ మళ్ళీ మళ్ళీ వెతికినా నిలబడలేదు. చివరికి 1915 లో ఐన్‌స్టైన్ కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతంతో ఆ తేడా, శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను), ఏ కొత్త గ్రహం అవసరం లేకుండానే లెక్కకి వచ్చేసింది. ఇవాళ వల్కన్ విషయంలో "నాకు నమ్మకం లేదు, అంతే, లేదని అనను" అనే ఖగోళ శాస్త్రవేత్త ఉండడు. లేదు అంటారు. ఎందుకంటే ఉంటే కనపడాలి, కనపడలేదు, పైగా దేన్ని వివరించడానికి దాన్ని పిలిచారో ఆ పని వేరే దానితో అయిపోయింది. "లేదు" అనే వాక్యాన్ని రుజువు చెయ్యడం అంటే ఇలాగ. దీనికి నూటికి నూరు శాతం గ్యారంటీ ఉండదు, ఏ సైన్స్ వాక్యానికీ ఉండదు, "ఉంది" అనే వాటికి కూడా.

ఇప్పుడు దేవుడి దగ్గరికి రండి. అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ దేవుడు అని, ఎందుకంటే కొన్ని దేవుళ్ళ భావనలు కుండ లాంటివి, కొన్ని పిశాచం లాంటివి. దీన్ని 10వ శతాబ్దంలోనే ఉదయనాచార్యుడు ఎత్తి చూపాడు. ఆయన న్యాయం అనే తర్క దర్శన సంప్రదాయంలో గొప్ప ఆస్తికుడు, ఈశ్వరుడు ఉన్నాడని నిరూపించడానికే న్యాయకుసుమాంజలి అని మొత్తం గ్రంథం రాశాడు, అంటే రుజువు బాధ్యత తనదేనని తీసుకున్నాడు, "నువ్వే లేడని నిరూపించు" అని తప్పుకోలేదు, ఇది మీ ఫ్రెండ్ కి తప్పక చెప్పండి. అందులో మూడో భాగంలో ఎదుటివాళ్ళ వాదన తీసుకుంటాడు: కనపడట్లేదు కాబట్టి లేడంటున్నారు, కానీ ఈశ్వరుడు ఇంద్రియాలకి అందే యోగ్యత ఉన్నవాడు కాదు, కాబట్టి మీ అనుపలబ్ధి ఇక్కడ పనికిరాదు అంటాడు. ఇది చాలా బలమైన సమాధానం, నేను ఇన్నేళ్ళలో విన్న ఆస్తిక వాదనల్లో దీనికంటే శుభ్రమైంది తక్కువ.

కాకపోతే ఆ సమాధానానికి ఒక ఖరీదుంది. అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ శాగన్ 1995 లో రాసిన పుస్తకంలో గరాజ్ లో డ్రాగన్ కథ ఉంటుంది. నా గరాజ్ లో నిప్పులు కక్కే డ్రాగన్ ఉంది అంటాడు, చూపించమంటే కంటికి కనపడదంటాడు, నేల మీద పిండి చల్లి అడుగులు చూద్దామంటే గాల్లో తేలుతుందంటాడు, మంటని పరికరంతో పట్టుకుందామంటే ఆ మంటకి వేడి ఉండదంటాడు. ప్రతి పరీక్షకీ ఒక మినహాయింపు. చివరికి ఆ డ్రాగన్ కీ డ్రాగన్ లేకపోవడానికీ తేడా ఏంటి? యోగ్యత తీసేసిన కొద్దీ దేవుడు పరీక్ష నుంచి తప్పించుకుంటాడు, నిజమే, కానీ అదే కొద్దీ ఆ దేవుడు మన బతుకులో ఏ తేడా తేలేనివాడు కూడా అవుతాడు. జనం నిజంగా నమ్మే దేవుడు అలాంటివాడు కాదు కదా. ప్రార్థన వింటాడు, జబ్బు నయం చేస్తాడు, తప్పు చేస్తే చూస్తుంటాడు, మొర పెట్టుకుంటే దిగొస్తాడు. ఈ దేవుడు కుండ లాంటివాడే, ఉంటే తేడా కనపడాలి.

దీన్ని పరీక్షించాలని చూశారు కూడా. అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మంది మీద చేసిన పరిశోధన ఫలితాలు 2006 లో వచ్చాయి. డబ్బు ఇచ్చింది మతం పట్ల సానుభూతి ఉన్న ఫౌండేషనే ఎక్కువగా. ఒక గుంపు కోసం ప్రార్థన చేశారు, ఒక గుంపు కోసం చెయ్యలేదు, ఈ రెండు గుంపులకీ తమ కోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలీదు. మూడో గుంపుకి ప్రార్థన జరుగుతోందని ముందే చెప్పారు. ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చింది ప్రార్థన జరిగిన గుంపులో 52 శాతానికి, జరగని గుంపులో 51 శాతానికి. జరుగుతోందని తెలిసిన గుంపులో 59 శాతానికి. నేను దీన్ని పట్టుకుని దేవుడు లేడని తేలిపోయిందని అనను. "దేవుడు పరీక్షలకి లొంగడు, గుంపులుగా విడదీసి చేసే ప్రార్థన ప్రార్థనే కాదు" అని భక్తులంటారు, ఆ మాట అనే హక్కు వాళ్ళకుంది. నేను అడిగేది ఒకటే, ఆ మాట ఫలితం రాకముందు అన్నదా, వచ్చాక అన్నదా?

నా "లేడు" కి అసలు కారణం మాత్రం ప్రార్థన పరిశోధన కాదు, బాధ. జె.ఎల్.మాకీ అనే తత్వవేత్త 1955 లో సర్వశక్తి, పరమ కరుణ, లోకంలో చెడు, ఈ మూడూ కలిసి ఉండటం తర్కానికే పొసగదన్నాడు. దానికి ప్లాంటింగా అనే అమెరికన్ క్రైస్తవ తత్వవేత్త స్వేచ్ఛ వాదంతో జవాబిచ్చాడు, స్వేచ్ఛ ఉన్న మనుషుల్ని చెయ్యాలంటే వాళ్ళు చెడు చేసే అవకాశాన్ని ఒప్పుకోక తప్పదని. తర్కం వరకూ ఆ జవాబు నిలబడిందనే నా అభిప్రాయం కూడా. కానీ ఇంకో అమెరికన్ తత్వవేత్త విలియం రో 1979 లో వేసిన ప్రశ్న వేరు. ఎక్కడో దూరంగా అడవిలో పిడుగు పడి చెట్టు అంటుకుంటుంది, మంటలు వ్యాపిస్తాయి, ఒక జింకపిల్ల చిక్కుకుని ఒళ్ళంతా కాలి, కొన్ని రోజులు అలాగే పడుండి విలవిల్లాడి చచ్చిపోతుంది. ఏ మనిషీ చూడలేదు. ఎవరి స్వేచ్ఛా లేదు అందులో, ఎవరూ ఏ పాఠమూ నేర్చుకోలేదు. ఆపగలిగి, చూస్తూ, ప్రేమ ఉన్నవాడు ఒకడుంటే ఆ కొన్ని రోజులు ఎందుకు? రో ఇది పక్కా నిరూపణ అనలేదు, లేడనుకోవడానికి బలమైన కారణం అన్నాడు. నేను కూడా అంతే అంటున్నా. మనకి తెలీని ప్రయోజనం ఏదో ఉండొచ్చు అనే జవాబు విన్నాను, చాలామంది మంచివాళ్ళు, నాకంటే ఎక్కువ బాధలు పడ్డవాళ్ళు ఆ జవాబు చెప్పారు, వాళ్ళ మీద గౌరవం ఉంది, నాకు మాత్రం అది చాలలేదు.

ఇక ఆస్తికుల వైపు నుంచి మీరు వినాల్సిన ఇంకో వాదన, అసలు రుజువు బాధ్యతే లేదు అనేది. క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు గణిత శాస్త్రవేత్త 1877 లో, చాలినంత ఆధారం లేకుండా దేన్నైనా నమ్మడం ఎవరికైనా ఎప్పుడైనా తప్పే అన్నాడు, తన ఓడ పాతబడిందని తెలిసీ బాగానే ఉంటుందిలే అని మనసుకి నచ్చజెప్పుకుని జనాన్ని ఎక్కించిన యజమాని కథ చెప్పి. 1896 లో అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ ఒప్పుకోలేదు, కొన్ని విషయాల్లో ఆగడం కూడా ఒక నిర్ణయమే, రుజువు వచ్చేదాకా ఆగుతానంటే బతుకు అయిపోతుంది, అలాంటి చోట మనసు చెప్పినట్టు నమ్మే హక్కు మనిషికుందన్నాడు. ప్లాంటింగా ఇంకా ముందుకెళ్ళి, ఎదుటివాడికి మనసుందని మనం ఏ రుజువూ లేకుండానే నమ్ముతున్నాం కదా, దేవుడి మీద నమ్మకం కూడా అలా మూలంలోనే ఉండొచ్చు, దానికి కింద ఇంకో ఆధారం అడగక్కర్లేదు అన్నాడు.

దీనికి నేను ఇచ్చే సమాధానం, ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి ఆలోచించాక కుదురుకున్నది: సొంతంగా నమ్ముకునేవాళ్ళ మీద నిజంగానే ఏ బాధ్యతా లేదు. ఒకావిడ పొద్దున్నే కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది, నన్నేమీ అడగట్లేదు, నాకేమీ చెప్పట్లేదు, ఆవిడ దగ్గరికెళ్ళి "రుజువు చూపించు" అనడానికి నేనెవర్ని? ఒకరు ఇంకొకరితో నువ్వూ ఒప్పుకో, నువ్వూ ఇలా నడుచుకో, చట్టం ఇలా ఉండాలి, పాఠంలో ఇది ఉండాలి అన్నప్పుడు బాధ్యత పుడుతుంది. అప్పుడు మాత్రం నాకు లోపల గట్టిగా అనిపిస్తోంది అంటే చాలదు, ఎందుకంటే అవతలివాళ్ళకీ లోపల ఇంకోటి అంతే గట్టిగా అనిపిస్తుంది. ఇది నాకూ వర్తిస్తుంది. ఆవిడ దగ్గరికెళ్ళి "మానెయ్యండమ్మా, లేడు" అన్నది నేనైతే, అక్కడ భారం నాదే.

ఇప్పుడు "సమానమే" దగ్గరికి. ఇద్దరివీ నమ్మకాలే అని ఒప్పుకుందాం, మొదటి అర్థంలో. అంతమాత్రాన సమానం ఎలా అవుతాయి? వల్కన్ ఉందన్నదీ ఒక నమ్మకమే, లేదన్నదీ ఒక నమ్మకమే, అవి సమానమా? నెప్ట్యూన్ ఉందన్న నమ్మకమూ వల్కన్ ఉందన్న నమ్మకమూ ఒకే మనిషివి, ఒకే పద్ధతిలో పుట్టినవి, అవే సమానం కాలేదు. రెండు నమ్మకాలున్నాయంటే పని మొదలైనట్టు, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది ఎంత తూగుతుందో చూడాలి. మీ ఫ్రెండ్ అక్కడే చర్చ ముగించేశాడు. మీరు కూడా "నాది నమ్మకం కాదు" అని పట్టుబట్టడంతో ఆయన్ని ఆ తూకం దాకా రానివ్వలేదు. "సరే, నాదీ నమ్మకమే, ఇవీ నా కారణాలు, నీవి చెప్పు" అనుంటే ఆ సాయంత్రం వేరేగా ఉండేది.

అజ్ఞేయవాది (ఎగ్నాస్టిక్, ఉన్నాడో లేడో తెలీదనేవాడు) అనిపించుకోవచ్చు కదా అని చివర్లో అడిగారు. ఇంగ్లీషు జీవశాస్త్రవేత్త హక్స్లీ 1869 లో ఆ ఇంగ్లీషు మాట పుట్టించింది తెలియడం గురించి, నమ్మడం గురించి కాదు. తెలుసని చెప్పలేను, అయినా లేడనే అనుకుంటున్నాను అనొచ్చు, తెలుసని చెప్పలేను, అయినా నమ్ముతున్నాను అని కూడా అనొచ్చు, ఇద్దరూ అజ్ఞేయవాదులే. గొడవ తప్పించుకోడానికి మాత్రం ఆ పేరు పెట్టుకోకండి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1993 లో మత స్వేచ్ఛ గురించి చెప్తూ ఆస్తిక, నాస్తిక విశ్వాసాలు రెండింటికీ రక్షణ ఉందంది, ఏ విశ్వాసమూ లేకుండా ఉండే హక్కుని విడిగా చెప్పింది, అంటే అక్కడ కూడా ఈ రెండూ వేరు వేరుగానే ఉన్నాయి. నాస్తిక కేంద్రం స్థాపించిన మన గోరా గారైతే నాస్తికత్వం ఉత్త "కాదు" అనడం కాదు, మనిషి తన కాళ్ళ మీద తాను నిలబడే జీవన విధానం అని జీవితాంతం చెప్పారు, ఆయన నాది నమ్మకం కాదు అని దాక్కోలేదు. ఇంకోటి, ఫ్లూ 2004 లో మనసు మార్చుకుని ఈ విశ్వానికి ఒక సృష్టికర్త ఉన్నాడనే వైపు వెళ్ళాడు, మీ ఫ్రెండ్ కి ఈ సంగతి తెలిస్తే తప్పక ఎత్తుతాడు. ఎత్తితే కంగారు పడకండి, 1972 వ్యాసంలో వాదన బాగుందా లేదా అనేది రాసినాయన తర్వాత ఎటు వెళ్ళాడనే దాని మీద ఆధారపడదు, అలాగే ఆయన కొత్త కారణాలు కూడా ముసలితనం అని తోసెయ్యకుండా చదవాల్సినవే.

మళ్ళీ ఆయనతో కూర్చున్నప్పుడు ముందు ఏ దేవుడి గురించి మాట్లాడుకుంటున్నారో తేల్చుకోండి. ప్రపంచాన్ని మొదలుపెట్టి తర్వాత దేనిలోనూ తల దూర్చని, ప్రార్థన వినని, ఏమీ కోరని సృష్టికర్త గురించైతే, నా దగ్గర ఆయన లేడనడానికి రుజువు లేదు, అక్కడ నేను "నమ్మను" దగ్గరే ఆగుతాను, "లేడు" అనను. మా వాడు పెద్దవాడయ్యాక మళ్ళీ అడిగాడు, వాడికీ ఈ తేడా పెట్టే చెప్పాను. మీ ఫ్రెండ్ మనసులో ఉన్నది ఆ దేవుడే అయితే, ప్రూవ్ చెయ్యలేవు అన్న ఆయన మాట నిజమేనని ఒప్పేసుకోండి. వినే దేవుడు, చూసే దేవుడు, కరుణ ఉన్న దేవుడు అయితే మాత్రం ఆ జింకపిల్ల దగ్గర్నుంచి మొదలుపెట్టండి.